గిరాకి మర్యాద
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో దుకాణపు మాట యేల యని కొందఱికి తోచవచ్చును. సరస్వతికిని తక్కెడకును ఏమి సంబంధమని అడుగువారును ఉందురు. కాని యోచించి చూచినచో గ్రంథాలయమునకును దుకాణమునకును ఒక పోలిక కలదు. రెండును ప్రతిదినము వేళకు తలుపు తెఱచి, ఎవరో ఒకరు ఏదో ఒక అవసరముతో గడప యెక్కుదురని ఎదురుచూచునవే. వచ్చినవానిని ఆదరించిన దుకాణము నిలుచును, ఆదరింపనిది మూతపడును. గ్రంథాలయమునకును ఇదియే ధర్మము. ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచినదన్నచో, ఒకమారు గడప యెక్కినవారు మరల వచ్చిరి కనుకనే నిలిచినది.

వచ్చినవారు మరల వచ్చునట్లు మెలగుట యెట్లు? ఇదియే నేటి ప్రసంగ విషయము. పెద్ద నగరములలో దీనిని నేర్పుటకు కళాశాలలు కలవు. నల్లగొండ, మహబూబునగరము సీమలలో బడి వెలుపల కూడ ఈ విద్య దొరకును. అంగడిలోను, మగ్గము నొద్దను, కిరాణా దుకాణపు గల్లాపెట్టె ముందును ఆ పాఠములు ఎన్నియో కలవు. చూడగల కన్నులు ఉండవలెను.

ఈ ప్రాంతమున కొనవచ్చిన మనిషిని ‘గిరాకి’ యందురు. సరకు చెల్లుబడియగుటకును ‘గిరాకి’ యనియే పేరు. “గిరాకి వచ్చిండు, లేచి చూడు” అని తండ్రి కొడుకును హెచ్చరించును. “ఈ యేడు పల్లికి గిరాకి లేదు” అని రైతు నిట్టూర్చును. మనిషికిని, సరకు విలువకును ఒకే మాట అమరినది. ఈ రెండర్థములను విడదీయరాదు. మనిషిని తక్కువ చేసిన చోట సరకు విలువయు క్రమముగా తగ్గిపోవును. ఎంత మంచి బెల్లమైనను, కసరుచు ఇచ్చిన చేతినుండి పుచ్చుకొనుటకు ఎవరికిని మనసు రాదు. నోరు మంచిదైన ఊరు మంచిదగునని పెద్దలు చెప్పిన మాట దుకాణదారునకే ముందుగా వర్తించును.

మొదటి పాఠము కొలత పాఠము. ధాన్యము కొలుచునపుడు మొదటి కొలతను ‘ఒకటి’ అనక ‘లాభము’ అని, పిదప ‘రెండు’, ‘మూడు’ అని లెక్కించుట తెలుగు పల్లెలలో పూర్వమునుండి వచ్చిన ఆచారము. ఆ లాభము ఎవరిది? కొలుచువాడును, కొలిపించుకొనువాడును, ఇద్దఱును వినునట్లు బిగ్గరగా పలికిన మాట యది. కావున ఇద్దఱికిని చెందినదే. ఒకరికి మాత్రమే లాభమైన బేరము ఒక్కనాటి బేరము. ఇద్దఱికిని లాభమైన బేరము తరతరముల బేరము.

కొలత ముగిసిన పిదప చారెడో, పిడికెడో పైన వేయుట కలదు. దానికి ‘కొసరు’ అని పేరు. ఇంటికి వచ్చిన చుట్టమునకు కొసరి కొసరి వడ్డించుట యనునదియు ఈ మాటయే. దుకాణమునకు వచ్చినవాడు చుట్టము వంటివాడే యను భావము కొసరులో ఇమిడియున్నది. అయితే ఒక్క విషయము మఱువరాదు. అసలు కొలత నిండిన పిమ్మటనే కొసరునకు అందము. తక్కెడలో తఱుగు చేసి, పిదప నవ్వుచు నాలుగు గింజలు పైన వేయువాడు, గిరాకి సొమ్మునుండియే గిరాకికి దానము చేయుచున్నాడు. దుకాణములలో తగ్గింపు ధరలని, ఒకటి కొన్న ఒకటి ఉచితమని వ్రాసిన పలకలు చూచునపుడెల్ల ఈ సంగతి తలచుకొనుట మేలు.

చిల్లర కూడ కొలతలోనిదే. 1957 ఏప్రిల్ 1న దేశమున అణాల లెక్క పోయి నయాపైసల లెక్క వచ్చినది. రూపాయికి పదునాఱణాలు, అదే రూపాయికి నూఱు నయాపైసలు. అనగా ఒక్క అణాకు ఆఱుంబాతిక నయాపైసలు. ఆ పాతిక ఎవరిది? అమ్మువానిదా, కొనువానిదా? అంత చిన్న ప్రశ్నలోనే దుకాణదారుని మనసు బయటపడును. 1956లో తూనికలు, కొలతల ప్రమాణ చట్టము వచ్చి, 1958 నుండి సేర్లు, మణుగులు క్రమముగా తొలగి కిలోలు వాడుకకు వచ్చినవి. లెక్క మాఱునపుడు చదువురాని గిరాకికి దుకాణదారుని మాటయే ఆధారము. నేడు నయాపైసలు లేవు. పాతిక తగవు లేదు. కాని చిల్లర లేదని చెప్పి, అడుగకయే చాక్లెట్టు చేతిలో పెట్టు అలవాటు కలదు. అదియు ఆ పాతిక తగవే.

ఒక దుకాణము మంచిదా కాదా యని తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి గలదు. ఎనిమిదేండ్ల పిల్లవానిని పైసలిచ్చి పంపవలెను. పెద్దలకిచ్చిన సరకే, పెద్దలకిచ్చిన తూకమే, సరియైన చిల్లరతో ఇంటికి చేరినచో అది మంచి దుకాణము. ఎదురు చెప్పలేనివాని యెడల నడచుకొను తీరే అసలైన నడవడి.

ఈ సందర్భమున ఒక చేదు నిజము కూడ చెప్పవలసియున్నది. ఈ సీమలలో ఒకనాడు కొందఱిని గడప వెలుపలనే నిలిపి, సరకును దూరమునుండి పడవేసి, చిల్లరను చేయి తగులకుండ పైనుండి జాఱవిడుచు దురాచారము ఉండెను. వారి పైకము మాత్రము లోనికి వచ్చెడిది, వారు రారాదు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన పదునైదవ అధికరణమున దుకాణముల పేరును, హోటళ్ల పేరును ప్రత్యేకముగా ఎత్తి, కులమతములను బట్టి ఎవరిని గాని వానిలోనికి రానీయకుండుట కూడదని శాసించినది. పదునేడవ అధికరణము అస్పృశ్యతనే రద్దు చేసినది. రాజ్యాంగ నిర్మాతలు దుకాణపు గడపను గూర్చి ఇంతగా ఏల యోచించిరి? మనిషి గౌరవము దినదినము పరీక్షింపబడు చోటు అదియే కనుక. చట్టము గడప దాటించగలదు. లోనికి వచ్చినవానిని ‘రా అన్నా, కూర్చో’ అని పిలుచుట మాత్రము మనిషి చేయవలసిన పని.

కొలతయు, మర్యాదయు కుదిరిన పిమ్మట సరకు సంగతి వచ్చును. సరకును గూర్చి నిజము చెప్పుట యెట్లో పోచంపల్లి మగ్గము నేర్పును. 1951 ఏప్రిల్ 18న వినోబాభావే అచటికి వచ్చినపుడు వెదిరె రామచంద్రారెడ్డి నూఱెకరముల భూమి ఇచ్చుటతో భూదానోద్యమము మొదలైనది. ఆ గ్రామమునకు రెండవ కీర్తి దాని వస్త్రము. అచట నేయు ఇక్కత్ గుడ్డలో రంగును గుడ్డపై అద్దరు. నేయుటకు ముందే నూలు పోగులను లెక్క ప్రకారము రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మరల వేఱొక చోట కట్టి, వేఱొక రంగులో ముంచుదురు. పిదప ఆ పోగులను మగ్గమునకు ఎక్కించి నేయునపుడు పువ్వు, చిలుక, ఏనుగు తమంతట తామే తేలివచ్చును. రంగు పోగులోనికి దిగియున్నందున ఆ గుడ్డను ఎటు త్రిప్పి చూచినను బొమ్మ ఒకటే. అచ్చు వేసిన గుడ్డ అట్లు కాదు. పైకి అదే చిలుక కనబడును. వెనుకకు త్రిప్పగనే వెలవెలబోవును.

కావున మంచి బట్టల దుకాణదారుడు గిరాకి అడుగకముందే గుడ్డను వెనుకకు త్రిప్పి చూపును. ఒక రైతు దంపతులు పత్తి యమ్మిన పైకముతో కూతురి పెండ్లిచీర కొన వచ్చిరనుకొనుడు. దుకాణమున మగ్గము చీరయు, అచ్చు చీరయు పక్కపక్కనే ఉన్నవి. ధరలో చాల భేదము. దుకాణదారుడు చెప్పవలసిన మాట ఇది: “అమ్మా, ఇది మగ్గం చీర, ఇది అచ్చు వేసింది. అచ్చుది చెడ్డదని చెప్పను. ధర తక్కువ, రోజూ కట్టుకోవచ్చు. పెండ్లికని కొంటున్నరు గనుక తెలిసి కొనండి.” ఈ నాలుగు మాటలు చెప్పుటకు నిమిషమైనను పట్టదు. చెప్పనిచో, అచ్చు చీర మగ్గము ధరకు పోవును. ఆనాటి గల్లా నిండును. నాలుగు ఉతుకులతో ఆ మోసము బయటపడును. అపుడు ఆ తల్లి దుకాణదారుని ఒక్కనినే నిందింపదు. “పోచంపల్లి చీరలే ఇంత” అనును. ఆ మాట ఊరూర తిరిగి, దినముల తరబడి పోగులు కట్టిన నేతగాని యింటి పొయ్యి మీదకు వచ్చును. ఒక అమ్మకపు అబద్ధము మూడిండ్లను చెఱచును: కొన్నవారి యిల్లు, నేసినవారి యిల్లు, చివరకు అమ్మినవాని యిల్లు.

ఈ హాని తప్పించుటకే 2004-05లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఇయ్యబడినది. గద్వాల, నారాయణపేట చీరలకును పిదప అట్టి గుర్తింపు లభించినది. ముద్ర సరకునకు సాక్షి. అయినను గిరాకికి ఎదురుగా నిలుచుండు సాక్షి దుకాణదారుడే.

గద్వాల చీర మఱొక పాఠము చెప్పును. ఆ చీర నడుమ భాగము నూలు. అంచు, కొంగు పట్టు. రెండు వేఱువేఱు స్వభావముల పోగులను నేతలోనే చేర్చి అతుకు తెలియకుండ చేయుట ఆ నేతగాండ్ర నేర్పు. అట్టి చీరను అమ్మి పైకము పుచ్చుకొనుటతో అమ్మువాని పని ముగియదు. నూలు నీటికి ఒక తీరున లోబడును, పట్టు ఒక తీరున లోబడును. కనుక దానిని ఎట్లు ఉతుకవలెనో, ఎండలో ఎట్లు ఆఱవేయరాదో, ఎట్లు మడిచి దాచవలెనో చెప్పి పంపవలెను. సరకు ఇంటికి పోయిన పిమ్మట ఏమగునో యోచించువాడే నిజమైన అమ్మకందారు. విత్తనములు, పురుగుమందులు అమ్మువారికి ఈ నియమము మఱింత ముఖ్యము. చీర పాడైన ఒక చీరయే పోవును. విత్తనము మోసగించిన ఒక యేడు పోవును. వానను నమ్ముకొన్న ఎఱ్ఱనేలల రైతునకు ఒక యేడనగా అప్పు, వడ్డి, కొన్నిమారులు వలస కూడ.

ఇక అవసరమును కనుగొను విద్య. అడుగనిదే అమ్మయినను పెట్టదని సామెత. కాని నొప్పి పడువారు తఱచు అడుగరు; అది తమ కర్మ యనుకొని ఊరకుందురు. నాటి నల్లగొండ జిల్లా ఆలేరు ప్రాంతపు శారాజిపేటలో చింతకింది మల్లేశము తల్లి లక్ష్మి ఆసు పోసెడిది. ఇక్కత్ చీరకు పోగులను మేకుల చుట్టు చేతితో త్రిప్పి అమర్చు పనికి ఆసు పోయుట యని పేరు. ఒక్క చీరకు దాదాపు తొమ్మిదివేల మారులు చేయి ఆడింపవలెను. నాలుగైదు గంటలు పట్టును. భుజము పట్టుకుపోవును. ఊరూర స్త్రీలు ఈ పని చేయుచుండిరి. ‘మాకొక యంత్రము కావలెను’ అని ఎవరును అడుగలేదు. కుమారుడు తల్లి భుజమును చూచెను. పెద్ద చదువు లేకున్నను, ఏండ్ల తరబడి ప్రయత్నించి, అపజయములు సహించి, 1999లో ఆసు యంత్రమును సిద్ధపఱచి దానికి తల్లి పేరే పెట్టెను. గంటల పని గంటన్నరకు తగ్గినది. 2017లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చినది. ఆ యంత్రము పుట్టిన చోటు కర్మాగారము కాదు, తల్లి భుజమును చూచిన ఒక చూపు. సేవ చేయదలచినవాడు ముందు ఎదుటివారి చేతులను, భుజములను, ముఖమును చూడవలెను. ముసలివాడు మెట్టెక్కలేకున్నాడా? చంటిబిడ్డతో వచ్చిన తల్లి నిలువలేకున్నదా? వారు అడుగరు. చూచినవాడు లేచి పీట వేయును.

ఎంత జాగ్రత్తగా నున్నను పొరపాటు జరుగక మానదు. అపుడు గిరాకి కోపముతో వచ్చును. కోపముతో వచ్చినవానిని చూచి చాలమంది దుకాణదారులు ముఖము చిట్లింతురు. అది తెలివి కాదు. తప్పు చెప్పుటకు వచ్చినవాడు ఇంకను ఆ దుకాణముపై ఆశ వదలనివాడు. ఏమియు అనక వెడలిపోయినవాడే నిజముగా పోయినవాడు. ఆక్షేపణకు బదులు చెప్పు తీరునకు మహబూబునగరము సీమవారైన సురవరము ప్రతాపరెడ్డి గారు గొప్ప మార్గము చూపిరి. తెలంగాణమున కవులే లేరని ఒకరు ఆక్షేపించినపుడు, ఆయన 1926 నుండి తాము నడపుచున్న గోలకొండ పత్రిక ద్వారా ఊరూర కవులను వెదకి, 354 మంది కవుల రచనలతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించిరి. తిట్టునకు తిట్టు బదులు కాలేదు, పని బదులైనది. దుకాణదారుడును అంతే. ‘మా సరకు అట్టిది కాదు’ అని వాదించుట కంటె, చెడిన సరకును వెనుకకు పుచ్చుకొని మంచిది ఇచ్చుట గట్టి సమాధానము.

అట్లు చేయనివారికి చట్టము కలదు. 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చినది. దాని స్థానమున 2019 నాటి కొత్త చట్టము 2020 జులై 20 నుండి అమలులోనికి వచ్చినది. జిల్లా వినియోగదారుల కమిషనులో సామాన్యుడు వకీలు లేకుండనే తన మొఱ వినిపింపవచ్చును. 1915 అను సంఖ్యకు ఫోను చేసినను దారి చెప్పుదురు. రసీదు అడిగి దాచుకొనుట గిరాకి విధి. అడుగకయే ఇచ్చుట దుకాణదారుని మర్యాద.

చివరి పాఠము ఖాతా పుస్తకమునకు సంబంధించినది. ఈ సీమలలో వానలు చాలని యేండ్లు ఎన్నియో. పాలమూరు కూలీలు దేశమున ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిరి. అట్టి కుటుంబములు ఉద్దెర లేక గడపలేవు. ఉప్పు, పప్పు, మందు, బట్ట అన్నియు ఖాతాలో వ్రాయించి, పంట వచ్చినపుడో, వలసనుండి తిరిగివచ్చినపుడో తీర్తురు. వ్రాయువాడు ఒకడు, వ్రేలిముద్ర వేయువాడు వేఱొకడు. ఆ పుస్తకములో ఏమి యున్నదో వ్రేలిముద్ర వేసినవానికి తెలియదు. ఎందఱి భూములో ఆ తెలియమిలోనే కలసిపోయినవి. ఇట్టి చోట మంచి దుకాణదారుడు చేయవలసిన పని యొక్కటే: వ్రాసిన ప్రతిమారు పైకి చదివి వినిపించుట. ‘ఇవ్వాళ రెండు కిలోల కందిపప్పు, ఒక సబ్బు, పాత బాకీతో కలిపి ఇంత’ అని నలుగురు వినునట్లు చెప్పుట. పైకి చదువగల ఖాతాయే ధర్మఖాతా. గుడ్డకు వెనుకవైపు చూపినట్లే ఖాతాకును లోపలివైపు చూపవలెను.

గ్రంథాలయము పని ఇక్కడనే ఉన్నది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడిన నాటినుండి తెలంగాణమున గ్రంథాలయములు చేసిన మేలులో కథలు, కావ్యములు చదివించుట ఒక భాగము. చదువరియైన మనిషి తన ఖాతాను తానే చదువుకొనుట వేఱొక భాగము. చదువు వచ్చిన గిరాకిని చూచి భయపడు దుకాణదారుని ఖాతాను అనుమానింపవలసినదే. నిజాయితీ గల వర్తకునకు చదువుకొన్న గిరాకి కంటె మంచి తోడు లేడు. తన మంచితనమునకు వానికంటె మంచి సాక్షియు లేడు.

మఱి గ్రంథాలయమునకు గిరాకి యెవరు? పాఠకుడే. భారత గ్రంథాలయ శాస్త్రమునకు పునాది వేసిన ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో అయిదు సూత్రములు ప్రకటించిరి. పుస్తకములు ఉపయోగించుటకే యనునది మొదటిది. పాఠకుని కాలము వృథా చేయరాదనునది నాలుగవది. ఈ రెండును దుకాణపు గోడపై వ్రాయదగిన సూత్రములే. పుస్తకము చినుగునని బీరువాకు తాళము వేసి కూర్చున్న గ్రంథాలయము, సరకు తఱుగునని గోదాము తలుపు తీయని దుకాణము వంటిది. తీసికొన్న పుస్తకము నలిగి వచ్చిన ఆనందింపవలెను. అట్టను మరల కుట్టవచ్చును.

పల్లె గ్రంథాలయమునకు వచ్చువాడు ఎల్లపుడు పుస్తకము పేరు చెప్పి అడుగడు. ఒక అవ్వ పింఛను కాగితము పట్టుకొని వచ్చును. ఒక యువకుడు ఉద్యోగ ప్రకటన వెదకుచు వచ్చును. ఒక బాలిక ఏమి అడుగవలెనో తెలియక గుమ్మము నొద్ద నిలిచియుండును. ‘ఏమి కావాలమ్మా?’ అను పలుకరింపు ఆ మువ్వురికిని గ్రంథాలయములోని మొదటి పుస్తకము. ఆ పలుకరింపు లేనిచో లోపలి పుస్తకములు ఎన్ని యున్నను వారికి లేనట్లే. ఆ బాలిక నేడు సిగ్గుపడి వెనుదిరిగినచో మరల ఎన్నడు వచ్చునో ఎవరు చెప్పగలరు?

సభాసదులారా! ఇరువదియైదేండ్లు నిండిన సంస్థకు ఉత్సవము తగినదే. ఈ గ్రంథాలయము నిలబడినది గడప యెక్కినవారి వలన గనుక ఈ గౌరవము వారికిని చెందును. రేపు ఉదయము దుకాణములు తెఱచువారు తక్కెడను ఒకమారు సరిచూచుకొందురు గాక! ఖాతాలు పైకి చదువుదురు గాక! గ్రంథాలయము తలుపు తెఱచువారు గుమ్మము నొద్ద నిలిచిన బాలికను ముందుగా చూతురు గాక! ధాన్యము కొలుచువాడు మొదటి కొలతకు ‘లాభము’ అన్నట్లు, ఇరువదియాఱవ యేటి మొదటి దినమున మొదట వచ్చిన పాఠకుని చూచి ఈ గ్రంథాలయము ‘లాభము’ అని లెక్క ప్రారంభించు గాక!